గంట మోగని గది

పద్ధెనిమిదేళ్ళు నిండిన మర్నాడే మనిషి పెద్దదైపోతుందని ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. తెలిస్తే ఆ మహానుభావుణ్ణి తెనాలి తీసుకొచ్చి మా మేడమీద గదిలో ఒక నెల కూర్చోబెట్టేదాన్ని. మా వీధిలో ముప్పై దాటిన మగపిల్లలున్నారు. వాళ్ళ తల్లులు ఇవాళ్టికీ చేపలో ముల్లు తీసి కంచంలో వేస్తారు, స్నానానికి వెళితే తువ్వాలు అందిస్తారు. ‘పెద్దవాడివయ్యావు కదా, ఇక బయటికి నడువు’ అని వాళ్ళతో ఎవరూ అనరు. అమ్మా నాన్నా లేక హాస్టల్లో పెరిగిన పిల్లకు మాత్రం ఆ పుట్టినరోజు వచ్చిందంటే గడువు తీరినట్టే. ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లాస్టిక్ బకెట్, సర్టిఫికెట్లు పెట్టుకున్న కవరు చేతికిచ్చి గేటు దాకా సాగనంపుతారు.

అలా గేటు దాటిన ఆడపిల్లల్ని కొన్నేళ్ళుగా మా ఇంట్లో ఉంచుకుంటున్నాను. ఒకసారికి ఒకరు, మరీ తప్పకపోతే ఇద్దరు. నేను తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, మావారు పోయారు, మేడమీద గది ఖాళీ అయింది. ఊళ్ళో అందరూ ఇప్పటికీ మేడమ్ అనే పిలుస్తారు. సంగం జాగర్లమూడిలో మా పుట్టింటివాళ్ళకి మాత్రం నేను చేసే పని గిట్టదు. “ఎవరెవరి పిల్లల గోలో నీకెందుకే? ఈ వయసులో కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక” అంటుంది మా వదిన. “వాళ్ళిద్దరినీ చూసుకునేవాళ్ళు ఊరూరా ఉన్నారు లే వదినా, వీళ్ళని చూసుకునేవాళ్ళు లేరు” అంటాను. ఆవిడ మూతి తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

ఇంతకీ నేను వాళ్ళకి నేర్పేది ఘనమైనదేమీ కాదు. గ్యాసు బండ బుక్ చేసుకోవడం, బేరమాడడం, బస్సులో పక్కవాడు మీద పడితే గట్టిగా అరవడం, ఒక్కరికి సరిపడా వండుకోవడం. ఈ చివరిది విని నవ్వకండి. హాస్టల్లో వంట డ్యూటీ చేసిన పిల్ల అరవైమందికి సాంబారు కళ్ళు మూసుకుని పెడుతుంది. ఒక్కదానికి అన్నం వండుకోమంటే గ్లాసు పట్టుకుని బియ్యం డబ్బా ముందు నిలబడిపోతుంది. తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం ఆ పిల్ల ఎప్పుడూ ఎరగదు.

ఇప్పుడు చెప్పబోయే పిల్లది రేపల్లె అవతల సముద్రం ఒడ్డు. తండ్రి వేటకు వెళ్ళిన పడవ ఆయన లేకుండా తిరిగొచ్చింది. ఆ తర్వాత తల్లి కూడా ఎక్కువ కాలం బతకలేదు. బళ్ళో వేసే వయసులో మేనత్త తీసుకొచ్చి హాస్టల్లో దింపి వెళ్ళింది. నా దగ్గరికి వచ్చేనాటికి పిల్లకి తెలిసిన చుట్టరికం అంతే, అది కూడా ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పేది.

వచ్చిన రోజు పొద్దున్న వంటింటి గడప అవతల నిలబడి అడిగింది.

“మేడమ్, నీళ్ళు తాగనా అండీ?”

నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు. నీళ్ళు తాగడానికి కూడా అడగాలని ఇన్నేళ్ళు నేర్పినవాళ్ళ మీద.

“చూడమ్మాయ్, ఈ ఇంట్లో ఒకటే రూలు. పర్మిషన్ అడిగితే తిట్లు తింటావు.”

“అలాగే మేడమ్.” బుద్ధిగా తల ఊపి, కుర్చీ వైపు చూసింది. “కూర్చోనా అండీ?”

ఏం తిడతాం? నవ్వొచ్చింది. నన్ను చూసి ఆ పిల్లా నవ్వింది. అడగడం మానడానికి ఏడాది పట్టింది.

మా వెనక వీధిలో బడి ఉంది. మధ్యాహ్నం అక్కడ గంట కొడితే, తింటున్న పిల్ల తింటున్నట్టే లేచి కంచం కడిగేసేది. సగం అన్నం కుళాయి కింద పోయేది. “ఆ గంట నీకు కాదే తల్లీ” అని రోజూ చెప్పేదాన్ని. చెవికి తెలిసినా కాళ్ళకి తెలిసేది కాదు. ఇంకొకటి కూడా చూశాను. పాలు కాచే పని తనే తీసుకుంది, స్టవ్వు దగ్గర నుంచుని రెప్ప వేయకుండా కాపలా కాసేది. నా దగ్గరున్న మూడేళ్ళూ మా స్టవ్వు మీద ఒక్క పాల మరక పడలేదు. తుడిచే పని తప్పింది కదా అని నేను సుఖంగా ఉన్నాను, ఎందుకమ్మా అంత కాపలా అని అడగలేదు.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. రక్తం తీయడంలో చెయ్యి తేలిక. మా వీధిలో ముసలివాళ్ళంతా సూది అంటే ఆ పిల్లనే పిలిచేవారు. బాపట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఉండడానికి చోటు కావాలి.

“అక్కడ లేడీస్ హాస్టల్ ఏదైనా ఉంటుంది, చూద్దాం” అన్నాను.

నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “మళ్ళీ హాస్టలా మేడమ్?” అంది. “చిన్నదైనా పర్వాలేదండి. గంట మోగని గది ఒకటి కావాలి. తలుపు నేనే వేసుకోవాలి, నేనే తీసుకోవాలి.”

అప్పటిదాకా ఆ పిల్ల నన్ను ఏదీ కావాలని అడగలేదు. సబ్బు అరిగిపోయినా అడగలేదు. అందుకే ఆ గది సంపాదించి తీరాల్సిందే అని అప్పుడే అనుకున్నాను.

బాపట్ల నాకు తెలియని ఊరేమీ కాదు. తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు దాటి గంట లోపల దిగుతాం. చదువుల ఊరు, అద్దె గదులకు కొదవ లేదు. గేటుగేటుకీ ‘టు లెట్’ బోర్డులు వేలాడుతున్నాయి. మొదటి ఇంటాయన వరండాలో నిలబెట్టే అడిగాడు. “మీరేమిట్లండి?”

మా వైపు వాళ్ళకి ఈ మాట అర్థం చెప్పక్కర్లేదు. కులం పేరు ఎత్తకుండా కులం అడగడం అన్నమాట. నా సంగతి చెబితే వెంటనే కుర్చీలు పడేవి. నేను చెప్పలేదు. ఆ పిల్ల తన సంగతి తను చెప్పింది. గది నిన్ననే ఎవరికో మాటిచ్చేశామన్నాడు. బోర్డు అలాగే గాలికి ఊగుతోంది.

రెండో ఇంట్లో ఒక పెద్దావిడ. నాన్నగారేం చేస్తారంది. లేరండి. అమ్మగారు? లేరండి. అన్నదమ్ములు? లేరండి. మరి ఎవరున్నారు? ఒక్కో ప్రశ్నకీ గేటు కొంచెం కొంచెం దగ్గరికి వేస్తూ వచ్చింది. నేను ఇంక పట్టలేకపోయాను.

“అమ్మా, మీరు గది అద్దెకిస్తున్నారా, సంబంధం కలుపుకుంటున్నారా?”

గేటు పూర్తిగా పడింది. రోడ్డు మీదకి వచ్చాక పిల్ల మెల్లగా అంది. “మీరు పోట్లాడితే మీ కోపం తీరుద్దండి. నాకు గది రాదు.”

నిజమే. అయితే నా దగ్గర ఇంకో ఉపాయం ఉంది. “సరే, నా మేనకోడలి కూతురివని చెబుదాం. మా ఇంటిపేరు చెబితే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి మరీ తాళం ఇస్తారు” అన్నాను. అబద్ధమాడడానికి నాకేమీ సిగ్గనిపించలేదు. ఈ లోకంతో నిజాయితీగా ఉండాల్సినంత బాకీ నేను పడలేదు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. “అప్పుడు గది మీ మేనకోడలి కూతురికి వస్తుంది. నాకు రాదు కదండీ.”

ఇంకో వీధిలోకి నడిచాం.

సూర్యలంక రోడ్డు వైపు, ఒక ఇంటి వెనక దొడ్లో విడిగా కట్టిన గది దొరికింది. గది, మూలగా వంటగట్టు, బయట కుళాయి. తలుపుకి లోపల మంచి గడియ. పిల్ల ఆ గడియ రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. ఇంటావిడ మొహం మంచిదే. అన్నీ విన్నది, గేటు వెయ్యలేదు. కానీ ఒక మెలిక పెట్టింది.

“పాలు పొంగించే రోజున మీ వాళ్ళెవరో ఒకరు రావాలమ్మాయ్. రక్తసంబంధం. దిక్కూ మొక్కూ లేని పిల్లని తెచ్చి పెట్టుకున్నావని రేపు మావాళ్ళు నన్నంటారు.”

“నేనున్నాను కదండీ” అన్నాను.

“మీరు పెద్దవారు అక్కగారూ, కాదనను. మీరు ఆ అమ్మాయికి ఏమవుతారు?”

మూడేళ్ళు ఒకే ఇంట్లో అన్నం తిన్నాం. జ్వరమొస్తే నేను దాని నుదుటి మీద చెయ్యేశాను, అది నా కాళ్ళు పట్టింది. ఏమవుతావంటే చెప్పడానికి ఒక్క వరస లేదు. వదిన, పిన్ని, తోడికోడలు, వియ్యపురాలు, ఎన్ని వరసలున్నాయి మనకి! ఇన్నిట్లో దీనికొక్క మాట పెట్టుకోలేకపోయారు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కోపంగా మారేలోపల పిల్ల అందుకుంది.

“వస్తారండి. మా మేనత్త వస్తుంది.”

నేను ఉలిక్కిపడ్డాను. మూడేళ్ళలో ఆ మేనత్త ఒక్కసారి మా గడప తొక్కలేదు, ఒక ఫోను చేయలేదు. తిరుగు రైల్లో అడిగాను, ఎక్కడుంటుందో తెలుసా అని. “రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుందని హాస్టల్లో ఎవరో చెప్పారండి. ఉంటే ఉంటుంది” అంది.

మర్నాడు రేపల్లె ప్యాసింజరెక్కాం. దారి పొడుగునా నేను మేనత్తని అనాల్సిన మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. పసిపిల్లని దింపి వెళ్ళి మళ్ళీ మొహం చూడని మనిషి! నాలుగూ కడిగెయ్యాలి. అవసరం మాదే అయినా సరే, కడిగి ఆ తర్వాతే పిలవాలి.

మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా పొలుసులు. పిల్ల వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“ఏం కావాలమ్మా?” అంది ఆవిడ తలెత్తకుండా.

“నీ తమ్ముడి కూతుర్ని అత్తా.”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. ముట్టుకోబోయి, చేతుల పొలుసులు చూసుకుని వెనక్కి తీసుకుంది. “మా తమ్ముడి కళ్ళేనే” అంది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయింది. “నాకు ముగ్గురు పిల్లలు. మొగుడు తాగి పోయాడు. ఇద్దరికి పెడితే ఇంకో ఇద్దరు పస్తు. నాలుగు మెతుకులు తింటావని దింపానే తల్లీ. మళ్ళీ వస్తే నా వెంట వస్తానని ఏడుస్తావని రాలేదు. తీసుకుపోలేను, చూసి రాలేను.”

నేను పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. తిట్టాల్సిన వాళ్ళు ఎవరో ఉన్నారు, కానీ ఆ కత్తిపీట ముందు లేరు.

“నేను దెబ్బలాడ్డానికి రాలేదు అత్తా” అంది పిల్ల. “బాపట్లలో ఉద్యోగమొచ్చింది. గది దొరికింది. ఆదివారం పాలు పొంగించాలి, నువ్వు రావాలి.”

“నేనా? నేనొస్తే నీకు గదిస్తారంటే? ఈ నీచు వాసన ఏ సబ్బుకీ పోదు. ఉన్నది కూడా పోద్ది.”

“పోతే పోనీ. వాసన రాకపోతే నువ్వు మా అత్తవని నాకే నమ్మకం కుదరదు.”

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను.

ఆదివారం పొద్దున్నే మేనత్త మాకంటే ముందొచ్చి బాపట్లలో ఆ గేటు బయట నిలబడి ఉంది. ఉతికిన చీర, తలకి నూనె, సంచిలో కొత్త స్టీలు గిన్నె. “పాలగిన్నె మేనత్తే తేవాలి” అంది. అలా ఆనవాయితీ ఉందో, ఆవిడ అప్పటికప్పుడు పెట్టిందో, నేను అడగలేదు. మా ట్రంకు పెట్టె, బకెట్, కొత్త స్టవ్వు లోపల పెట్టాం. ఇంటావిడ తాళంచెవి బొడ్లో దోపుకుని గుమ్మంలో నిలబడింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నాకూ భర్త లేడు, మేనత్తకీ లేడు.

“ముత్తయిదువ ఎవరైనా వెలిగిస్తే...” అని నసిగింది.

“ఇల్లు ఎవరిదైతే వాళ్ళే వెలిగించుకుంటారండి. మేమిద్దరం చూడ్డానికొచ్చాం” అన్నాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ సంతోషమే.

పిల్ల గిన్నెకి పసుపు రాసి బొట్టు పెట్టింది. తూర్పు వైపు తిరిగి స్టవ్వు వెలిగించింది. పాలు పోసింది. నలుగురం చూస్తున్నాం. మీగడ కదిలింది, అంచుల దగ్గర నురగ లేచింది. పాలు గిన్నె మూతి దాకా వచ్చాయి. ఇంటావిడ చేతులు జోడించింది.

పిల్ల చెయ్యి టక్కున వెళ్ళి స్టవ్వు కట్టేసింది.

పాలు బుస్సున దిగిపోయాయి. పిల్ల తన చేతి వైపే చూసుకుంటోంది, అది తనది కానట్టు.

“అయ్యయ్యో! ఆపేశావేంటమ్మాయ్!” ఇంటావిడ గుండెల మీద చెయ్యేసుకుంది. “పొంగే పాలని ఎవరైనా ఆపుతారా? అపశకునం కాదూ! పెద్దవాళ్ళ మధ్య పెరగకపోతే పద్ధతులెట్లా తెలుస్తాయి? అక్కగారూ, ఏమీ అనుకోకండి, ఇంకో మంచిరోజు చూసుకుందాం.” చెయ్యి బొడ్లో తాళంచెవి మీదకి వెళ్ళింది.

రేపు పొద్దున పిల్ల పనిలో చేరాలి. పెద్దవాళ్ళ మధ్య పెరగకపోతేనా? ఈవిడకి ఈ వీధి వీధంతా వినేలా ఒక సమాధానం చెప్పాల్సిందే అని నోరు తెరిచాను. పిల్ల చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. నన్ను ఎవరూ అలా ఆపరు. నేను ఆగాను.

“అపశకునం కాదండి, అలవాటు” అంది పిల్ల. “మా హాస్టల్లో పాల డ్యూటీ నాదండి. పాలు తక్కువ, నీళ్ళు కలిపి అందరికీ సర్దేదాన్ని. పొంగిపోతే ఆ రోజు చివర్లో నిలబడిన చిన్నపిల్లలకి ఉండేవి కావు. గ్లాసులు పట్టుకుని నా మొహంలోకి చూసేవాళ్ళు. పదేళ్ళు ఒక్కరోజు కూడా పొంగనివ్వలేదండి నేను. నా చెయ్యి అదే చేసింది.”

మేనత్త చెంగు నోట్లో కుక్కుకుంది. మూడేళ్ళు నా స్టవ్వు ఎందుకు అంత శుభ్రంగా ఉందో నాకప్పుడు తెలిసింది.

“ఇవి నా పాలండి” అంది పిల్ల. “వీటి కోసం ఎవరూ గ్లాసు పట్టుకుని లేరు. పొంగుతాయి.”

మళ్ళీ వెలిగించింది. ఈసారి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడింది. పాలు లేచాయి. వేళ్ళు తెల్లగా అయ్యేదాకా బిగించింది కానీ చెయ్యి ముందుకి రానివ్వలేదు. నురగ అంచు దాటి, గిన్నె బొట్టు మీదుగా జారి, చుయ్యిమని మంటని ఆర్పేసి, గట్టు మీద నుంచి నేల మీదకి కారింది. అప్పుడు స్టవ్వు కట్టేసి ఇంటావిడ వైపు తిరిగింది.

“పొంగాయి ఆంటీ. తాళం ఇవ్వండి.”

ఇంటావిడ నేల మీద పాలు చూసింది, పిల్లని చూసింది. తాళంచెవి తీసి మేనత్తకి ఇవ్వబోయింది, రక్తసంబంధం కదా. మేనత్త చేతులు వెనక్కి లాక్కుంది. “దానికియ్యండమ్మా. ఇల్లు దానిది.”

పిల్ల చెయ్యి చాచి తీసుకుంది. ఇంటావిడ కళ్ళు తుడుచుకుంటూ, “తుడిచెయ్యకమ్మాయ్, కాసేపుండనీ, మంచిది” అని వెళ్ళిపోయింది. గుండె ఉన్న మనిషే. కానీ గుండె కరిగించుకోడానికి ఆ పిల్ల తన కథంతా గుమ్మంలో విప్పి చూపించాల్సి వచ్చిందన్న కోపం మాత్రం నాకు ఇంకా పోలేదు. పోనివ్వను కూడా. అదే రేపు వచ్చే పిల్లకి పనికొస్తుంది.

మిగిలిన పాలల్లో పిల్ల పరమాన్నం వండింది. బియ్యం గ్లాసు పట్టుకుని ఎక్కడా ఆలోచించలేదు. ఇంటావిడకో గిన్నె పంపింది, మేనత్తకి రెండోసారి వడ్డించింది. మేనత్త గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే పిల్ల గడప మీద కూర్చుని తాళంచెవి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. రైలుకి టైమైంది. నాకు దాహమేసి లేచాను. గట్టు మీద కొత్త బిందె, దాని మీద బోర్లించిన గ్లాసు. చెయ్యి చాచి, ఎందుకో ఆగిపోయాను.

“అమ్మాయ్, నీళ్ళు తాగనా?”

పిల్ల తలెత్తింది. నా రూలు నాకే అప్పజెప్పి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లేచొచ్చి, గ్లాసు కడిగి, బిందెలో నీళ్ళు ముంచి రెండు చేతులతో ఇచ్చింది.

“తాగండి మేడమ్” అంది.